ఒక చిల్లు, వందేళ్ల కథ: పాత పికప్ క్యాబిన్‌లో తుప్పు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక చిల్లు ఉంది. నా బొటనవేలు పట్టేంత చిల్లు. 1951 మోడల్ షెవర్లే 3100 పికప్ ట్రక్కు, డ్రైవర్ వైపు, క్యాబిన్ వెనక మూల అడుగున. అందులో స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం కదిపా, అరచెయ్యంత అయింది. ఇంకొంచెం కదిపితే లోపల్నుంచి గుప్పెడు మట్టి, ఎర్రటి పొరలు, రెండు మొక్కజొన్న గింజలు రాలాయి.

నేను ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. మా ఇంటి వెనక పొలం ఉన్న పెద్దాయనకి ఎనభై దాటాయి. ఈ ట్రక్కు వాళ్ల నాన్న కొత్తగా కొన్నది. అప్పుడు ఈయన చిన్న పిల్లాడు. చాలా ఏళ్లుగా షెడ్డులో పడి ఉంటే, "నువ్వు నడిపిస్తానంటే తీసుకో" అని నాకిచ్చారు. ఒకే ఒక్క షరతు పెట్టారు: క్యాబిన్ మార్చొద్దు.

ఈ షరతు ఎంత పెద్దదో నాకు మొదట అర్థం కాలేదు. ఎందుకంటే ఈ ట్రక్కులకి క్యాబిన్ అనేది ఛాసిస్ మీద బోల్టులతో బిగించిన వేరే పెట్టె. బోల్టులు విప్పి, అరిజోనా లాంటి ఎడారి రాష్ట్రం నుంచి తుప్పు లేని పాత క్యాబిన్ తెప్పించి పెట్టేస్తే పని అయిపోతుంది. చాలామంది అదే చేస్తారు. రిపేరు కంటే అదే చవక కూడా. షరతు ఎందుకు పెట్టారో తర్వాత తెలిసింది, అక్కడికి వస్తా.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీ. నలభై ఏళ్లు రేకు కొట్టారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు, చెవులు కొంచెం మందం. వీడియో కాల్‌లో ఆ చిల్లు చూపించగానే, "చిల్లు చూపించమాక, చుట్టూ తట్టు" అన్నారు. సుత్తి తిరగేసి పిడితో తట్టాను. "పైకి రా... ఇంకా పైకి... ఆగు. అక్కడ రేకు పలికింది. అక్కడిదాకా కొయ్యాలి." మంచి రేకు ఠంగుమంటుంది, తుప్పు పట్టింది దబ్బుమంటుంది. కంటికి బాగానే కనపడుతున్న రేకులో చిల్లు నుంచి జానెడు పైదాకా ప్రాణం లేదు. పక్కింటివాళ్ల మాట వినపడదు గానీ, పదమూడు వేల కిలోమీటర్ల అవతల రేకు శబ్దం మాత్రం ఫోన్‌లో వినపడింది ఆయనకి.

సరే, చరిత్రలోకి వద్దాం. నాకు వచ్చిన ప్రశ్న ఇది: ఈ కాలం షెవర్లేలు ఏ ఊళ్లో చూసినా, ఏ షెడ్డులో చూసినా, తుప్పు ఎప్పుడూ అవే చోట్ల ఎందుకు పడుతుంది? వెనక రెండు మూలలు, తలుపు కింద ఉండే రాకర్, కాళ్లు పెట్టే ఫ్లోరు, తలుపు కబ్జాల స్తంభం అడుగు. అన్నిటికీ అవే జబ్బులంటే, జబ్బు వాడినవాడి దగ్గర కాదు, పుట్టుకలోనే ఉందన్నమాట.

పుట్టుక అంటే 1918 దగ్గర మొదలుపెట్టాలి. షెవర్లే తన మొదటి ట్రక్కులు అమ్మింది ఆ ఏడాది. అయితే అది పూర్తి బండి కాదు. ఛాసిస్, ఇంజిను, ముందు రేకులు, అంతే. క్యాబిన్, వెనక తొట్టి కొన్నవాడే చేయించుకోవాలి. వడ్రంగి దగ్గరికి తీసుకెళ్తే చెక్కతో కట్టి ఇచ్చేవాడు. ఇది చెప్పగానే మా నాన్న నవ్వారు. "అదేముందిరా, మేం చేసింది అదే కదా!" నిజమే. మన దగ్గర లారీ కంపెనీలు దశాబ్దాల పాటు ఉత్త ఛాసిస్‌లే అమ్మాయి. డ్రైవరు ఒక చెక్క సీటు వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఫ్యాక్టరీ నుంచి ఆటోనగర్ దాకా ఆ అస్థిపంజరాన్ని తోలుకొచ్చేవాడు. అక్కడ చెక్క చట్రం కట్టి, మీద రేకు తొడిగి, రంగులేసి, నిమ్మకాయలు కట్టి పంపేవాళ్లు.

ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి పికప్‌ని పూర్తి బండిగా అమ్మడం ఫోర్డ్ 1925 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. మోడల్ టీ రనబౌట్ విత్ పికప్ బాడీ, ధర 281 డాలర్లు. షెవర్లేకి ఇంకో అయిదేళ్లు పట్టింది. 1930లో మార్టిన్-ప్యారీ అనే బాడీ కంపెనీ తాలూకు ఇండియానాపోలిస్ ఫ్యాక్టరీ కొన్నాక గానీ వాళ్లు సొంతంగా పికప్‌లు పూర్తి చేసి అమ్మలేదు.

ఆ రోజుల్లో క్యాబిన్ లోపల చెక్క, బయట రేకు. నీళ్లు దిగి చెక్క కుళ్లేది. ఎక్కడ కుళ్లేది? కింద మూలల్లో. నీరు పల్లమెరుగు కదా. పూర్తి ఉక్కు బాడీ అనే ఆలోచన మాత్రం అప్పటికే ఉంది. ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్ అనే ఆయన 1912లో కంపెనీ పెట్టి, రేకుల్ని ప్రెస్సుల్లో అచ్చులు తీసి, వెల్డింగ్‌తో కలిపి కార్ల బాడీలు చేశారు. ట్రక్కుల క్యాబిన్లు కూడా 1930లు గడిచేసరికి ఆ దారికే వచ్చాయి. చెక్క పోయింది, కుళ్లు పోయింది అనుకున్నారు. కుళ్లు పోలేదు, పేరు మార్చుకుంది, అంతే. అదే మూల.

ఇప్పుడు నా ట్రక్కు దగ్గరికి. యుద్ధం అయ్యాక 1947లో జనరల్ మోటార్స్ తెచ్చిన కొత్త డిజైన్ ఇది. అడ్వాన్స్ డిజైన్ అని పేరు పెట్టారు. 1955 మొదట్లో దాకా చేశారు. గుండ్రటి ముక్కు, అడ్డంగా అయిదు పట్టీల గ్రిల్లు, ముగ్గురు పక్కపక్కన కూర్చునే వెడల్పు. "ఊపిరి పీల్చే క్యాబిన్" అని ప్రకటనలు వేశారు, ఎందుకంటే బయటి గాలి లోపలికి తెచ్చే ఏర్పాటు ఉంది. అద్దం ముందు రేకులో చిన్న మూత ఉంటుంది, లోపల లివరు తోస్తే లేస్తుంది, గాలి వస్తుంది. బాగుంది. కానీ ఆ మూత చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడితే గాలితో పాటు వాన కూడా వస్తుంది. వచ్చిన నీళ్లు ఫ్లోరు మీద మ్యాట్ కింద నిలబడతాయి. పైనుంచి చూస్తే మ్యాట్ పొడిగానే ఉంటుంది. ఏళ్ల తరబడి కింద మాత్రం తడే.

బ్యాటరీ ఎక్కడ పెట్టారో తెలుసా? పక్క సీటు వాడి కాళ్ల కింద, ఫ్లోరు అడుగున. చిన్న మూత తీస్తే కనపడుతుంది. యాసిడ్ ఆవిరి నేరుగా ఫ్లోరుకి తగులుతూ ఉంటుంది. ఆ రోజు గీసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. ఈ బండి పదేళ్లు పొలంలో పనిచేస్తే చాలనుకున్నారు, డెబ్బై ఏళ్ల తర్వాత ఒక తెలుగు కుర్రాడు దాని కింద పడుకుని చూస్తాడని వాళ్లకి తెలీదు.

అసలు విలన్ మాత్రం ఆ వెనక మూల. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో సందు. అడుగున రెండూ కలిసే చోట స్పాట్ వెల్డింగ్. అంటే చిన్న చిన్న చుక్కలు మాత్రమే అతుక్కుంటాయి, చుక్కకీ చుక్కకీ మధ్య రెండు రేకులు ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. అక్కడికి స్ప్రే గన్ చేరదు, రంగు పడదు. నీళ్లు మాత్రం దీపంలో వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ సందులోకి ఎక్కుతాయి. పొలం దుమ్ము పైనుంచి రాలి సందులో చేరి ముద్దయింది. ఆ ముద్ద తడి వదలదు. ఇంకో తమాషా: మట్టి కింద ఆక్సిజన్ తక్కువ, మట్టి అంచున ఎక్కువ. ఈ తేడా వల్ల అదొక చిన్న బ్యాటరీలా పనిచేసి, ఆక్సిజన్ తక్కువున్న చోటే, అంటే మట్టి కిందే, ఇనుముని తినేస్తుంది. పైగా తుప్పు అనేది అది తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. సందులో ఉబ్బి రెండు రేకుల్ని విడదీస్తుంది. విడిపోతే ఇంకా నీళ్లు. డిజైన్ చేసినవాళ్లు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు పెట్టారు, అవి మొదట మూసుకుపోయేవి.

ఇంతవరకు మామూలు తుప్పు. దానికి ఉప్పు తోడైంది. మన దగ్గర సముద్రం పక్క ఊళ్లలో కిటికీ చువ్వలు ఎలా పోతాయో చూసుంటారు. ఒహాయోకి సముద్రం లేదు. కానీ రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. 1941–42 శీతాకాలంలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రం దీన్నొక విధానంగా మొదలుపెట్టింది. ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద చల్లింది సుమారు 5 వేల టన్నులు. ఇప్పుడు ఏడాదికి 2 కోట్ల టన్నుల దాకా వెళ్తోంది. ఇక్కడ నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. కార్ల రాజధాని డెట్రాయిట్ ఊరి కిందే, దాదాపు 1,200 అడుగుల లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. నేల మీద బండ్లు చేశారు, నేల కింద వాటిని తినే మందు తవ్వారు. ఉప్పునీళ్లు కరెంటుని బాగా పారనిస్తాయి, అందుకే ఆ తుప్పు బ్యాటరీ జోరందుకుంటుంది. ఉప్పు గాల్లోని తడిని కూడా లాగుతుంది, కాబట్టి బండి ఆరదు.

ఇంక పాత రిపేర్లు. నేను గ్రైండర్ పెట్టగానే ఆ మూలలో మెటల్ కంటే ముందు గులాబీ రంగు పొడి లేచింది. లప్పం! రెండు సెంటీమీటర్ల మందం. దాని వెనక కోళ్ల గూటికి వాడే జాలీ, దాని వెనక 1976 నాటి న్యూస్‌పేపర్ ఉండ. పెద్దాయన్ని పిలిచి చూపించి, ఎవరో మోసం చేశారండీ అన్నాను. ఆయన పేపరు ముక్క చదివి, "ఎవరో కాదు, నేనే" అన్నారు. ఒక వీకెండ్, ఒక ఫ్రెండు, కొన్ని బీర్లు.

దీనికీ చరిత్ర ఉంది. అంతకుముందు రేకు పనివాళ్లు గుంటల్ని సీసం కరిగించి నింపేవాళ్లు. అది నీళ్లు పీల్చదు, రేకుని గట్టిగా పట్టుకుంటుంది, కానీ నేర్పు కావాలి, ఆ పొడి ఒంట్లోకి పోతే విషం. 1950లలో పాలిస్టర్ లప్పం వచ్చింది. కలుపు, రాయి, రుద్దు. ఎవరైనా చెయ్యొచ్చు. బాండో అనే బ్రాండు పేరే ఆ వస్తువు పేరైపోయింది, మనకి జిరాక్స్ లాగా. గుంట మీద పల్చగా రాస్తే అది మంచి వస్తువే. చిల్లు మీద పెడితే స్పాంజి అవుతుంది, తడి పీల్చుకుని వెనక ఉన్న రేకుకి రోజూ తాగిస్తుంది. మా నాన్న లప్పాన్ని తిట్టరు. "కస్టమర్ దగ్గర అయిదొందలే ఉంటే నేను మాత్రం ఏం చేస్తాన్రా" అంటారు.

మొదటి శనివారం వెల్డింగ్ మిషన్ బయటికి తీశాను. హెల్మెట్ పెట్టుకోబోతుంటే ఫోన్‌లోంచి నాన్న, "ఆగాగు. పెట్రోల్ ట్యాంకు ఎక్కడరా దీనికి?" అన్నారు.

సీటు వెనక. క్యాబిన్ లోపల. 1949 నుంచి ఈ ట్రక్కులకి ట్యాంకు సీటు వెనక నిలువుగా పెట్టారు. నేను వెల్డింగ్ పెట్టబోతున్న మూలకి అది జానెడు దూరం. నాకు తెలుసు అది అక్కడుందని. ఖాళీగా ఉంది కదా అనుకున్నా. "ఖాళీదే పేలేది! నిండుగా ఉన్నది మండుద్ది, ఖాళీదాంట్లో ఆవిరి ఉంటది" అని ఆయన అరిచిన అరుపుకి మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆటోనగర్‌లో ఆయన కళ్లెదురుగా జరిగినదేదో ఉంది, అడిగితే చెప్పలేదు. ఆ రోజు వెల్డింగ్ చెయ్యలేదు. ట్యాంకు విప్పి షెడ్డుకి దూరంగా పెట్టాను, బ్యాటరీ తీసేశాను. మీలో ఎవరైనా పాత పికప్ మీద చెయ్యి పెడితే, దయచేసి ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ట్యాంకు తీశాక కనపడ్డాయి. వెనక గోడ లోపలి రేకు మీద, మేకుతో గీసిన అంకెలు. వరసగా, ఒకదాని కింద ఒకటి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పెద్దాయన వాళ్ల నాన్న ట్యాంకు పక్క సందులోంచి చెయ్యి పెట్టి మైళ్లు, సంవత్సరం గీసేవారట. చివరిది 68. ఆ ఏడాదే ఆయన పోయారు. క్యాబిన్ మార్చొద్దు అన్నది అందుకు.

తుప్పు కింద నుంచి ఆ చివరి గీత దాకా వచ్చేసింది.

నాన్నకి చూపించి తట్టాను. 68 దాటాక, దాని పై గీతకి దిగువన పలికింది రేకు. 68 ఉన్న చోట పలకలేదు. అక్కడ రేకు కాగితంలా ఉంది. దాన్ని వదిలేసి కింద కోస్తే, వెల్డింగ్ వేడికి పల్చటి రేకు కరిగిపోతుంది, నిలబడినా రెండేళ్లలో అక్కడే మళ్లీ మొదలవుతుంది. నేను రెండు శనివారాలు ఆ మూల జోలికి పోలేదు. ఫ్లోరు పని పెట్టుకున్నా.

ఫ్లోరు పనిలో నా తప్పు ఒకటి చెప్తాను. పక్క సీటు వైపు రాకర్ కోసేశాను, తలుపు చోట అడ్డంగా పైపు కట్టకుండా. క్యాబిన్‌కి రాకర్ అంటే ఇంటికి దూలం లాంటిది. తీసేయగానే పెట్టె మొత్తం కొంచెం కుంగింది. మర్నాడు తలుపు వేస్తే పైన వేలు దూరేంత సందు, కింద రేకుకి రేకు తగులుతోంది. జాకీ పెట్టి లేపి, తలుపు వేసి చూసి, మళ్లీ లేపి, అలా ఒక వారం పోయింది. మా నాన్న లెక్క ఏంటంటే, తలుపు వేసి చూడకుండా ఏ ముక్కా అతికించకూడదు.

చివరికి పెద్దాయన్నే పిలిచాను. టార్చ్ వేసి చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఆయన చాలాసేపు వంగి చూశారు. తర్వాత నా చేతిలో సుద్ద తీసుకుని, 68కి పైన, తనే గీత గీశారు. ఇక్కడ కొయ్యి అన్నారు. కోసిన ముక్క ఇస్తే చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఇప్పుడది వాళ్ల వంటింటి కిటికీ దగ్గర ఉంది.

ఇక రేకు. అసలు రేకు 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఇప్పటి కార్ల రేకు కంటే బాగా మందం, అందుకే వెల్డింగ్‌కి కాస్త దయ చూపిస్తుంది. ఈ మూలలకి కొత్తగా అచ్చు తీసిన ముక్కలు అమ్ముతారు, కానీ మొత్తం పెట్టక్కర్లేదు, కావలసినంతే కోసి వాడాను. మా నాన్న కాలంలో గ్యాస్ వెల్డింగ్, లేదంటే ఇత్తడి పొయ్యడం. వేడి ఎక్కువ, రేకు అప్పడంలా వంకర్లు తిరిగేది, మళ్లీ సుత్తితో సాపు చెయ్యాలి. నేను వాడింది మిగ్ వెల్డింగ్. ఇది పుట్టింది మా ఒహాయోలోనే, కొలంబస్‌లోని బాటెల్ సంస్థలో, 1948లో. మొదట అల్యూమినియం లాంటి లోహాల కోసం చేశారు. పల్చటి రేకుకి పనికొచ్చేలా మారడానికి ఇంకో పదేళ్లు పట్టింది, మామూలు బాడీ షెడ్డుల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు. నా ట్రక్కు, నా వెల్డింగ్ మిషన్ తాత దాదాపు ఒకే వయసువాళ్లన్నమాట.

తీగ 0.6 మిల్లీమీటర్లు. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క జానెడు దూరంలో, మళ్లీ వెనక్కి. వరసగా గీత లాగితే వేడికి రేకు వంగిపోతుంది. చుక్క చల్లారేదాకా ఆగాలి. అంచు మీద అంచు వెయ్యలేదు, అంచుకి అంచు ఆనించి అతికించాను. ఒకదాని మీద ఒకటి వేస్తే పని సులువే, కానీ మళ్లీ అదే సందు, 1951 నాటి అదే తప్పు నా చేత్తో చేసినట్టు. అడుగు అంచు దగ్గర మాత్రం తప్పదు, అక్కడ ఫ్యాక్టరీ చుక్కలు ఉన్న చోటే రంధ్రాలు చేసి నింపాను. తర్వాత ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీలర్, లోపలి సందులోకి పొడవాటి గొట్టంతో మైనం కొట్టాను. నాన్న రెడ్ ఆక్సైడ్ వెయ్యలేదేం అని అలిగారు.

ఈ మైనం పని కొత్త బండ్లకి పెద్దగా అక్కర్లేదు. 1960లలో ఫోర్డ్ బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి కరెంటు పారించే పద్ధతి తెచ్చింది, రంగు సందుల్లోకి కూడా పోయి అంటుకుంటుంది. 1970లలో అది ఇంకా మెరుగైంది, 1980లలో జింకు పూత రేకులు మామూలయ్యాయి. మీ ఇంట్లో కారు పదేళ్లయినా మూలల్లో చిల్లు పడలేదంటే కారణం అది. నా ట్రక్కుకి ఇవేవీ అందలేదు.

రిపేరు చేసిన మూలలో నీళ్లు పోయే రంధ్రం శుభ్రం చేసి, సీసాతో నీళ్లు పోసి చూశాను. కింద నుంచి కారాయి. నాన్నకి చూపించడానికి వీడియో తీశా. ఆయన నీళ్లు చూడలేదు. "సుత్తి తీసుకో, తట్టు" అన్నారు. కొత్త ముక్క, పాత రేకు, అతుకు మీద, మళ్లీ పాత రేకు. "ఊఁ" అన్నారు. నలభై ఏళ్లలో ఆయన పనివాళ్లకి కూడా దక్కింది అంతే.

కుడి వైపు మూల ఇంకా అలాగే ఉంది. దాని మీద ఇంకా గ్రైండర్ పెట్టలేదు, కానీ తట్టి చూశా. దబ్బుమంది.